గ్రహణం లెక్క గ్రంథంలో ఉందా? విజయవాడ స్టూడియో చర్చ, మాటకి మాట

[2026 మార్చి 3 చంద్రగ్రహణానికి ముందు ఒక రాత్రి మా విజయవాడ లోకల్ ఛానల్లో వచ్చిన చర్చ ఇది, వీడియో వింటూ టైప్ చేశాను. పేర్లు తీసేసి ఎవరు ఏ పని చేస్తారో అదే పెట్టాను. మాస్టారు గుంటూరులో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఉపన్యాసకులు సివిల్ ఇంజనీరు, వేదాల్లో విజ్ఞానం మీద ఊరూరా మాట్లాడతారు. సిద్ధాంతి గారిది సత్యనారాయణపురం, పంచాంగం కడతారు. మేడమ్ బైబిల్ కాలేజీలో పాఠాలు చెప్తారు. బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు. పిల్లలకి ఆకాశం గురించి మనం ఏం నేర్పిస్తున్నాం అనేది నాకు చాలా ముఖ్యమైన విషయం, అందుకే మొత్తం కూర్చుని రాశాను.]

యాంకర్: నమస్కారమండీ, చర్చకి స్వాగతం. మీ అందరికీ తెలిసిందే, మన దగ్గర ఒక ప్రైవేట్ స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టారు, ఏడో తరగతి పాప ఒక చార్ట్ వేసుకొచ్చింది, "కాంతి వేగం ఋగ్వేదంలో ఎప్పుడో చెప్పారు, నాసా కూడా ఒప్పుకుంది" అని. ఒక పేరెంట్ "నాసా ఎక్కడ ఒప్పుకుందమ్మా" అని అడిగారు, పాప ఏడ్చింది, అది ఎవరో వీడియో తీశారు, ఇంక వాట్సాప్ గ్రూపుల్లో రెండు వర్గాలు. ఆ చార్ట్ తీసేయాలని కొందరు, తీస్తే ఊరుకోం అని కొందరు. ఇటు చూస్తే మార్చి 3న చంద్రగ్రహణం, దుర్గ గుడి తలుపులు మూస్తారు. అందుకని ఈరోజు టాపిక్, ఆకాశం గురించి మత గ్రంథాలు ఏం చెప్పాయి, దాన్ని సైన్స్ అనొచ్చా? అందరికీ సమానంగా టైమిస్తాను. ముందుగా నాదొక చిన్న ప్రశ్న. పంచాంగంలో గ్రహణం టైము నిమిషాలతో సహా కరెక్టుగా వస్తుంది కదా, అంటే శాస్త్రం మన గ్రంథాల్లో ఉన్నట్టే కదా? ఉపన్యాసకులు గారూ, మీతో మొదలుపెడదాం.

ఉపన్యాసకులు: ధన్యవాదాలండీ. ఆ పాప తప్పేం రాయలేదు. ఋగ్వేదం మొదటి మండలం, 50వ సూక్తం, దానికి సాయణాచార్యుల భాష్యంలో స్పష్టంగా ఉంది. "యోజనానాం సహస్రే ద్వే ద్వే శతే ద్వే చ యోజనే, ఏకేన నిమిషార్ధేన క్రమమాణ నమోస్తుతే." నిమేషం అంటే రెప్పపాటు, యోజనం పాతకాలపు దూరం కొలత. అర నిమేషంలో 2202 యోజనాలు. లెక్క కట్టుకోండి, సెకనుకి లక్షా 86 వేల మైళ్ళు వస్తుంది. ఇది...

మాస్టారు: ఆగండాగండి, అక్కడే ఆగండి. నేను లెక్క కట్టుకునే వచ్చాను.

యాంకర్: మాస్టారూ, వారిని పూర్తి చెయ్యనివ్వండి...

మాస్టారు: పూర్తి చేశాక ఎవరు వింటారండీ, ఇప్పుడే చెప్పాలి. మొదటిది, సాయణుడు 14వ శతాబ్దం మనిషి, విజయనగరంలో బుక్కరాయల కాలం. భాష్యం వేరు, వేదం వేరు. ఋగ్వేద మంత్రంలో 2202 లేదు. చార్టులో "ఋగ్వేదంలో ఉంది" అని రాస్తే అదే మొదటి తప్పు. రెండోది, యోజనం అంటే ఎంత? ఏందండీ, ఇది అడిగితే ఒక్కరూ చెప్పరు. ఆర్యభటుడు భూమి వ్యాసం 1050 యోజనాలు అన్నాడు. అసలు వ్యాసం 12,756 కిలోమీటర్లు. భాగించండి, యోజనానికి 12 కిలోమీటర్ల చిల్లర. సూర్యసిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథంలో వ్యాసం 1600 యోజనాలు, అప్పుడు యోజనం 8 కిలోమీటర్లు. పురాణాల లెక్కలో రోజుకి 4 లక్షల 5 వేల నిమేషాలు. అంటే నిమేషం సెకనులో అయిదో వంతు. ఇప్పుడు 8 కిలోమీటర్ల యోజనం వేస్తే సెకనుకి లక్షా 65 వేల కిలోమీటర్లు వచ్చుద్ది. 12 వేస్తే రెండున్నర లక్షలు దాకా వచ్చుద్ది. 3 లక్షలు కావాలంటే యోజనం పద్నాలుగున్నర కిలోమీటర్లు అనుకోవాలి. మనుస్మృతి నిమేషం తీసుకుంటే అదీ మారిపోద్ది, అక్కడ కాష్ఠ అనే కాలం కొలతకి 15 కాదు, 18 నిమేషాలు. జవాబు ముందు రాసుకుని దానికి సరిపడే కొలత వెతుక్కోవడం లెక్క కాదండీ!

[ఆయన కాగితం కెమెరాకి చూపించారు, పెన్నుతో మూడు కాలమ్స్ గీసి ఉంది, యోజనం, నిమేషం, వేగం అని. యాంకర్ ఆ కాగితం దగ్గరికి జూమ్ చేయమన్నారు.]

ఉపన్యాసకులు: యోజనం తొమ్మిది మైళ్ళు అని కూడా...

మాస్టారు: ఎక్కడ? ఏ గ్రంథంలో? ఆ తొమ్మిది మైళ్ళ గ్రంథం, ఈ నిమేషం ఉన్న గ్రంథం ఒకటేనా?

ఉపన్యాసకులు: సంప్రదాయంలో అనేక మానాలు ఉన్నాయండీ...

మాస్టారు: అదే నేను చెప్పేది! అనేకం ఉన్నాయి కాబట్టి ఏదో ఒకటి తగులుద్ది. ఇంకోటి, ఆ శ్లోకం ఎవర్ని ఉద్దేశించి? సూర్యుణ్ణి. ఇంత వేగంగా నడిచే స్వామీ నీకు నమస్కారం అని. ఎలా కొలిచారో ఒక్క మాట లేదు. రోమర్ అనే శాస్త్రవేత్త 1676లో కాంతికి వేగం ఉందని చెప్పాడంటే ఊరికే చెప్పలా, గురుగ్రహం చుట్టూ తిరిగే అయో అనే చంద్రుడికి గ్రహణాలు పడతాయి, భూమి దూరమవుతున్నప్పుడు అవి ఆలస్యంగా కనపడుతున్నాయి, దగ్గరవుతుంటే ముందు కనపడుతున్నాయి, ఆ తేడా పట్టుకుని చెప్పాడు. చూపించగలిగాడు. నాసా ఒప్పుకుందంటున్నారు, నాసా ఎప్పుడు ఒప్పుకుంది, ఏ కాగితంలో, చూపించండి.

యాంకర్: సరే సరే, నాసా సంగతి పక్కన పెడదాం. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. పంచాంగం కరెక్టుగా వస్తోందా లేదా? సిద్ధాంతి గారూ, మీరు చెప్పండి. పోయిన సెప్టెంబరు 7 రాత్రి గ్రహణం, మీ పంచాంగంలో ఏ టైముకి ఉందో ఆ టైముకే పట్టింది కదా?

సిద్ధాంతి: పట్టిందండీ. రాత్రి 9:57కి స్పర్శ, అంటే పట్టడం, 1:26కి మోక్షం, అంటే వదలడం. కానీ అది ఎలా వచ్చిందో చెప్పాలి. మేము...

యాంకర్: చూశారా! కరెక్టుగా వచ్చింది. అదే నేనంటున్నది.

సిద్ధాంతి: కాదండీ, నన్ను పూర్తిగా...

మాస్టారు: కరెక్టుగా వచ్చింది కాబట్టి గ్రంథంలో అంతా ఉందనడం ఏం వాదనండీ? రేపు రైలు టైముకి వచ్చిందనుకోండి...

మేడమ్: నేనొక మాట చెప్పొచ్చా? ఇది హిందువుల సమస్య ఒక్కటే కాదు. మా వైపూ ఇదే ఉంది. యోబు గ్రంథం 26వ అధ్యాయంలో దేవుడు భూమిని శూన్యం మీద వేలాడదీశాడని ఉంటుంది, దాన్ని పట్టుకుని గురుత్వాకర్షణ బైబిల్లో ఉంది అని మావాళ్ళూ ఫార్వర్డ్ చేస్తారు. అదే బైబిల్లో యెహోషువ 10వ అధ్యాయంలో గిబియోను మీద సూర్యుడు నిలిచిపోయాడని ఉంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న గెలీలియో మీద వాదించినవాళ్ళు చూపించిన వాక్యాల్లో అదీ ఒకటి. 1633లో ఆయన్ని విచారించి ఇంట్లో నిర్బంధించారు, తప్పు జరిగిందని పోప్ రెండో జాన్ పాల్ 1992లో ఒప్పుకున్నారు. మూడున్నర శతాబ్దాలు పట్టింది. ఒక వాక్యాన్ని సైన్స్ అని పట్టుకుంటే పక్క వాక్యాన్నీ సైన్స్ అని మొయ్యాలి. ఆదికాండంలో వెలుగు మొదటి రోజు, సూర్యుడు నాలుగో రోజు. దాన్ని ఏ టెలిస్కోపుతో చూస్తాం?

మాస్టారు: బాగా చెప్పారు మేడమ్, నేను కూడా అదే...

మేడమ్: ఒక్క నిమిషం మాస్టారూ. మీరు దాన్ని బట్టి గ్రంథాలు పనికిరావంటే నేను ఒప్పుకోను. "ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి" అని 19వ కీర్తన. అది రాసినవాడు దూరం కొలవడానికి రాయలేదు. తలెత్తి చూసి ఆశ్చర్యపోయి రాశాడు. ఆ ఆశ్చర్యం లేకపోతే కొలిచేవాడు కూడా కొలవడు.

[ఇది నాకు ఈ చర్చలో నచ్చిన మాటల్లో ఒకటి. యాంకర్ దీన్ని వదిలేసి గ్రహణానికి వెళ్ళిపోయారు.]

యాంకర్: మేడమ్, యేసు శిలువ సమయంలో చీకటి కమ్మింది కదా, అది గ్రహణమేనా?

మేడమ్: కాదండీ. అది పస్కా పండుగ టైము, పస్కా పౌర్ణమికి వస్తుంది. సూర్యగ్రహణం అమావాస్యకే వస్తుంది. పైగా సంపూర్ణ సూర్యగ్రహణం ఎంత పెద్దదైనా ఏడున్నర నిమిషాలు మించదు, సువార్తలో మూడు గంటల చీకటి. దాన్ని గ్రహణం చేద్దామని చూస్తే సైన్సుకీ న్యాయం జరగదు, వాక్యానికీ జరగదు. నమ్మేవాళ్ళం సూచనగా నమ్ముతాం.

ఉపన్యాసకులు: నా టైము మొత్తం పోయింది. నేనొకటి అడుగుతా. శతపథ బ్రాహ్మణంలో కృత్తికలు తూర్పు దిక్కు నుంచి జరగవు, మిగతా నక్షత్రాలు జరుగుతాయి అని ఉంది. ఇది చూడకుండా రాశారా? ఋగ్వేదం అయిదో మండలం 40వ సూక్తంలో స్వర్భానుడు సూర్యుణ్ణి చీకటితో కప్పాడు, అత్రి మహర్షి కనిపెట్టాడు అని ఉంది. గ్రహణం రికార్డు చేశారా లేదా? తెల్లవాళ్ళు చెప్తే రికార్డు, మనవాళ్ళు చెప్తే కథా?

మాస్టారు: కృత్తికల మాట నేను ఒప్పుకుంటా. అది అసలైన పరిశీలన. ఎవరో రోజూ తెల్లారుజామున తూర్పుకేసి చూశారు. ఒప్పుకుంటా. కానీ మీరు అక్కడ ఆగరు కదా, అక్కడి నుంచి కాంతి వేగం, అక్కడి నుంచి విమానాలు...

ఉపన్యాసకులు: విమానాల మాట నేను ఎత్తలేదు!

మాస్టారు: ఇవాళ ఎత్తలేదు. పోయిన మీటింగులో ఎత్తారు.

ఉపన్యాసకులు: ఆ మీటింగుకి మీరు రాలేదు!

[ఇక్కడ అర నిమిషం ఇద్దరూ ఒకేసారి అరుచుకున్నారు, "సంస్కృతం వచ్చా మీకు" అన్నది ఒక్కటే వినపడింది.]

యాంకర్: ప్లీజ్, ప్లీజ్. ఫోన్ లైన్లో గుంటూరు నుంచి ఒక ఉర్దూ టీచర్ గారు ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: అస్సలాము అలైకుం, నమస్తే. ఇప్పుడు రంజాన్ నెల నడుస్తోంది, నెలవంక చూసి మొదలుపెట్టాం, కాబట్టి చంద్రుడు మాకూ దగ్గరివాడే. ఒక హదీసు చెప్తాను. ప్రవక్త గారి చిన్న కొడుకు ఇబ్రాహీం చనిపోయిన రోజు సూర్యగ్రహణం పట్టింది. జనం అందరూ ఆ బిడ్డ పోయినందుకే సూర్యుడు చీకటి అయ్యాడన్నారు. ప్రవక్త గారు ఏమన్నారంటే, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలు, ఎవరు చచ్చినా ఎవరు పుట్టినా వాటికి గ్రహణం పట్టదు, పట్టినప్పుడు నమాజు చెయ్యండి అన్నారు. సొంత బిడ్డ పోయిన దుఃఖంలో ఉన్న మనిషి, జనం గొప్పగా చెప్తున్నారు కదా అని ఊరుకోవచ్చు, ఊరుకోలేదు. మా కుర్రాళ్ళు కూడా విశ్వం విస్తరించడం ఖురాన్‌లో ముందే ఉందని వీడియోలు పంపుతారు, నేను వాళ్ళకి ఈ హదీసు చెప్తా.

యాంకర్: చాలా బాగుంది సార్. మీకు కూడా చాంద్రమాన క్యాలెండర్ కదా, అది కూడా కరెక్టుగానే వస్తోంది కదా, అంటే పంచాంగం లాగే...

కాలర్: మేం చూసి మొదలుపెడతాం సార్, లెక్క ముందే ఉన్నా చూడాలి అని...

యాంకర్: లైన్ కట్ అయినట్టుంది. థాంక్యూ సార్.

మాస్టారు: ఆయన చెప్పింది విన్నారా? ఇదే మన ఆర్యభటుడు చేసింది. 499లో, 23 ఏళ్ళ కుర్రాడు. "ఛాదయతి శశీ సూర్యం శశినం మహతీ చ భూచ్ఛాయా." సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడు, చంద్రుణ్ణి భూమి పెద్ద నీడ కప్పుద్ది. రాహువూ లేడు కేతువూ లేడు. భూమే తిరుగుతోంది అన్నాడు, పడవలో ముందుకి పోయేవాడికి గట్టు వెనక్కి పోతున్నట్టు కనపడ్డట్టే నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనపడతాయన్నాడు. మరి ఏమైంది? 628లో బ్రహ్మగుప్తుడంతటివాడు, గొప్ప గణితజ్ఞుడు, రాహువు లేడంటే వేదానికీ స్మృతికీ విరుద్ధం అని తిట్టాడు. తిట్టి, తన లెక్క మాత్రం నీడతోనే కట్టాడు! ఎందుకు? నీడతో కడితేనే టైము వచ్చుద్ది. మీరు అంతా వేదంలోనే ఉందని చార్ట్ వేస్తే ఆర్యభటుడు ఏం చేసినట్టు? ఉన్నదాన్ని కాపీ కొట్టాడా? మనవాణ్ణి మీరే చిన్నవాణ్ణి చేస్తున్నారండీ!

[స్టూడియోలో చప్పట్లు వినపడ్డాయి. ఇక్కడి నుంచి యాంకర్ ప్రతిదానికీ మాస్టారి వైపే తిరగడం మొదలుపెట్టారు.]

సిద్ధాంతి: అండీ, ఇందాకటి నుంచి అడుగుతున్నాను.

యాంకర్: చెప్పండి, చెప్పండి. పంచాంగం గురించే కదా?

సిద్ధాంతి: దాని గురించే. మీరు పంచాంగం కరెక్టు, కరెక్టు అంటున్నారు. మా తాతగారు సూర్యసిద్ధాంతంతో కట్టేవారు. అందులో సంవత్సరం 365 రోజుల 6 గంటల 12 నిమిషాల 36 సెకన్లు. అసలు నాక్షత్ర సంవత్సరానికి అది మూడున్నర నిమిషాలు ఎక్కువ. మూడున్నర నిమిషాలు అంటే చిన్నదే, వెయ్యేళ్ళకి రెండున్నర రోజులు అవుతుంది. అందుకని మావాళ్ళు బీజ సంస్కారం అని చేసేవారు, అంటే పాత లెక్కకి దిద్దుబాటు. ఎప్పుడు దిద్దాలో ఎలా తెలుస్తుంది? గ్రహణం చూసి. తిథి అరగంట తప్పితే ఊళ్ళో ఎవడికీ తెలీదు. గ్రహణం అరగంట తప్పితే ఊరు ఊరంతా బయట నుంచుని చూస్తుంది, రేపు పొద్దున మొహం చూపించలేం. మా తాతగారి తాటాకు కట్టలో ప్రతి గ్రహణం పక్కన గంటంతో రెండు అంకెలు ఉండేవి, లెక్కలో వచ్చింది ఒకటి, ఆకాశంలో చూసింది ఒకటి. ఇప్పుడు నేను కట్టేది దృక్ పద్ధతి, గ్రహాల స్థానాలు ఇప్పటి అబ్జర్వేటరీ లెక్కల నుంచే వస్తాయి. కాబట్టి సెప్టెంబరు 7 గ్రహణం టైము పురాణంలోంచి రాలేదండీ.

[దయచేసి ఈ పేరా ఇంకోసారి చదవండి. ఆ తాటాకు మీద రెండు అంకెలు, ఈ మొత్తం చర్చలో దీనికంటే పెద్ద మాట లేదు. గ్రంథాన్ని గౌరవిస్తూ, దాన్ని ఆకాశంతో సరిచూసి, తేడా ఉంటే తేడా అని రాసుకున్న మనుషులు మన వీధుల్లోనే ఉన్నారు. స్టూడియోలో దీని మీద ఒక్కరు కూడా ఆగలేదు.]

యాంకర్: అంటే పంచాంగం టైము కరెక్టే అంటారు.

సిద్ధాంతి: కరెక్టే, కానీ దిద్దితే కరెక్టు. వేదాంగ జ్యోతిషంలో 5 ఏళ్ళకి 1830 రోజులు, అంటే ఏడాదికి 366. అప్పటికి అది గొప్ప. తర్వాతవాళ్ళు దిద్దారు. ఇంకో సంగతి, విష్ణు పురాణం, భాగవతం చూస్తే చంద్రుడు సూర్యుడికంటే లక్ష యోజనాలు పైన ఉంటాడు. పైన ఉన్న చంద్రుడు కింద ఉన్న సూర్యుణ్ణి ఎలా కప్పుతాడు? సూర్యగ్రహణమే రాకూడదు. సూర్యసిద్ధాంతంలో చంద్రుడు దగ్గర, సూర్యుడు దూరం. ఈ రెండు గ్రంథాలూ మా పూజగదిలోనే పక్కపక్కన ఉన్నాయండీ. భాగవతం భక్తికి, సిద్ధాంతం లెక్కకి. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ...

మాస్టారు: అదీ! చంద్రుడు పైన ఉంటే గ్రహణమే రాదు! ఇదే నేను మొదటి నుంచీ చెప్తన్నా!

సిద్ధాంతి: మీరు చెప్పలేదండీ, నేను...

మాస్టారు: సూర్యసిద్ధాంతం లెక్క కూడా చూద్దాం, నా కాగితంలో ఉంది. చంద్రుడి దూరం 51,566 యోజనాలు, 8 కిలోమీటర్లు వేస్తే 4 లక్షల 12 వేలు. అసలుది 3 లక్షల 84 వేలు. శభాష్, ఎంత దగ్గరకొచ్చారు! టెలిస్కోపు లేదు, ఏం లేదు. అదే పుస్తకంలో సూర్యుడి దూరం వేస్తే 55 లక్షల కిలోమీటర్లు. అసలుది 15 కోట్లు. ఎందుకు తప్పింది? గ్రహాలన్నీ రోజుకి ఒకే దూరం నడుస్తాయి అనుకున్నారు కాబట్టి. తప్పు ఎందుకొచ్చిందో కూడా చెప్పగలుగుతున్నాం చూడండి, అదే సైన్స్. మరి హనుమాన్ చాలీసాలో సూర్యుడి దూరం ఉంది, యుగం ఇంటూ సహస్రం ఇంటూ యోజనం అని పంపుతున్నారే, అది నిజమైతే మన సిద్ధాంతకర్తలకి 55 లక్షలని రాసే ఖర్మేంటి?

ఉపన్యాసకులు: దూరం తప్పయితే గ్రహణం ఎలా కరెక్టుగా వచ్చింది? చెప్పండి!

సిద్ధాంతి: గ్రహణానికి దూరం కంటే కోణం ముఖ్యమండీ, బింబం ఎంత కనపడుతోంది, రాహువు అనే పాతబిందువుకి చంద్రుడు ఎంత దగ్గరగా ఉన్నాడు...

యాంకర్: రాహువు ఉన్నాడంటారా మరి?

సిద్ధాంతి: లెక్కలో ఉన్నాడండీ. చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే చోటు. సుమారు పద్దెనిమిదిన్నర ఏళ్ళకి ఒక చుట్టు, వెనక్కి...

మాస్టారు: గ్రహణం మాట వచ్చింది కాబట్టి మన గుంటూరు గురించి చెప్పాలి. చాలామందికి తెలీదు. 1868 ఆగస్టు 18, సంపూర్ణ సూర్యగ్రహణం, ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అని శాస్త్రవేత్త వచ్చి గుంటూరులోనే స్పెక్ట్రోస్కోపు, అంటే కాంతిని రంగులుగా విడదీసి చూసే పరికరం, పెట్టాడు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల్లో మెరిసే గీతలు చూశాడు. అవి ఎంత కాంతిగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా చూడొచ్చని తట్టింది, మర్నాడు మామూలు ఎండలోనే చూశాడు! మన మచిలీపట్నం నుంచి పోగ్సన్ చూశాడు, మద్రాసు అబ్జర్వేటరీ ఆయన. ఆ గీతల్లో పసుపుది సోడియంది కాదని తేలింది, కొత్త మూలకం అనుకుని ఇంగ్లీషు శాస్త్రవేత్త లాక్యర్ దానికి హీలియం అని పేరు పెట్టాడు. భూమి మీద దొరికింది 1895లో, రామ్సే పట్టుకున్నాడు.

యాంకర్: హీలియం మన గుంటూరులోనా! మరి గుంటూరులో దీనికి గుర్తుగా ఏమైనా కట్టాలి కదా మాస్టారూ? మన ఎమ్మెల్యేలు పట్టించుకోవాలి కదా?

మాస్టారు: పట్టించుకోవాలి. ప్రతి స్కూల్లో ఆగస్టు 18న చెప్పాలి. నేను సర్వీసులో ఉన్నప్పుడు...

[ఇక్కడ నాలుగైదు నిమిషాలు విగ్రహం పెట్టాలా, మ్యూజియం పెట్టాలా, ఏ సెంటర్లో పెట్టాలి అని నడిచింది. వదిలేస్తున్నాను. గుంటూరు సంగతి పిల్లలందరికీ తెలియాలి అన్నది మాత్రం నేనూ గట్టిగా నమ్ముతాను.]

యాంకర్: సిద్ధాంతి గారూ, ఆ 1868 గ్రహణం అప్పటి పంచాంగాల్లో ఉందా? ఉంటే మళ్ళీ నా పాయింటే.

సిద్ధాంతి: చింతామణి రఘునాథాచార్యులు గారని మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసేవారు, ఆ గ్రహణానికి ఆయన వనపర్తి వెళ్ళి చూశారు. ఆయనే తర్వాత దృక్ పంచాంగం వేశారు, పాతవి ఆకాశంతో సరిపోవట్లేదు అని. సంప్రదాయం తెలిసినవాడు, టెలిస్కోపు తెలిసినవాడు. అలాంటివాళ్ళ పేరు చార్టుల్లో...

యాంకర్: అంటే పంచాంగం ఉంది అప్పటికే.

మేడమ్: ఆయన వేరే చెప్తున్నారు, మీరు వేరే వింటున్నారు.

యాంకర్: లేదు మేడమ్, నేను జనం తరఫున అడుగుతున్నా.

ఉపన్యాసకులు: బ్యాలెన్స్ అన్నారు, సమానంగా టైమన్నారు. సగం పైగా ఆయనే మాట్లాడారు. నేను ఆ పాప గురించి మాట్లాడాలి. ఆ పిల్లని నలుగురిలో నిలబెట్టి ఏడిపించారు. తన సంస్కృతి మీద గర్వంతో వేసుకొచ్చింది. అది తప్పా?

మాస్టారు: గర్వం తప్పు కాదు. అబద్ధం మీద గర్వం పెట్టుకుంటే రేపు నిజం తెలిసినరోజు రెండూ పోతాయి. ఆ పాపని ఏడిపించింది ప్రశ్న అడిగిన పేరెంట్ కాదు, సరిచూడకుండా చార్ట్ వేయించిన టీచరు. చార్ట్ తీసెయ్యమని నేను అనను. పక్కన ఇంకో చార్ట్ పెట్టమనండి, యోజనం ఎంత, నిమేషం ఎంత, ఏది వేస్తే ఎంత వచ్చుద్ది అని. పిల్లలే తేల్చుకుంటారు.

ఉపన్యాసకులు: అంటే చార్ట్ ఉండొచ్చని మీరే ఒప్పుకున్నారు.

మాస్టారు: ఏందండీ మీరు, నేనన్నది...

యాంకర్: టైమైపోతోంది. గుడి మూసే విషయం క్విక్‌గా. మార్చి 3న మూయడం సైన్సా, నమ్మకమా? ఒక్క ముక్కలో.

సిద్ధాంతి: ఆచారమండీ. శ్రీకాళహస్తిలో గ్రహణంలో కూడా మూయరు, అదీ ఆచారమే. ఆచారాన్ని సైన్స్ అని నిరూపించక్కర్లేదు. గర్భిణీ స్త్రీలని భయపెట్టక్కర్లేదు కూడా.

ఉపన్యాసకులు: దర్భ వేస్తే ఆహారం పాడవదని ప్రయోగం చేశారు...

మాస్టారు: ఎవరు? ఎక్కడ?

యాంకర్: దర్భ మీద ఇంకో ప్రోగ్రామ్ పెడదాం. మాస్టారు చాలా బలంగా చెప్పారు, లెక్కలతో సహా చూపించారు, నాకూ మాస్టారి వాదన నచ్చింది. మొత్తం మీద పంచాంగం మాత్రం కరెక్టే అని అందరూ ఒప్పుకున్నారు...

సిద్ధాంతి: దిద్దితేనండీ.

ఉపన్యాసకులు: ఎవరు ఒప్పుకున్నారు? ఇది తేలలేదు. మళ్ళీ పిలవండి, నేను పుస్తకాలు తెస్తా.

మాస్టారు: తెండి, నేనూ తెస్తా. ఒక్క మాట, చూసేవాళ్ళకి. 3వ తారీఖు సాయంత్రం మనకి చంద్రుడు పైకొచ్చేటప్పటికే గ్రహణంలో ఉంటాడు, 6:47కి వదిలేస్తుంది, అరగంట లోపే. చంద్రగ్రహణం కళ్ళతో చూడొచ్చు, ఏ అద్దాలూ అక్కర్లేదు. పిల్లల్ని మేడ మీదకి తీసుకెళ్ళి తూర్పుకేసి చూపించండి, వాచీ పట్టుకెళ్ళండి, ఎన్నింటికి వదిలిందో పిల్లల చేతే రాయించండి, పంచాంగంలో ఉన్న టైము పక్కన...

యాంకర్: బ్రేక్ తీసుకోవాలి మాస్టారూ, సారీ...

మాస్టారు: రెండూ పక్కపక్కన రాయించండి!

[బ్రేక్ తర్వాత మళ్ళీ చర్చకి రాలేదు, వేరే ప్రోగ్రామ్ వేశారు.]